పెల్లెట్ డబ్బా ధరలో సీసం వాటా ఎంత?

పెల్లెట్ అంటే ఎయిర్ రైఫిల్‌లో పెట్టి పేల్చే చిన్న లోహపు గుండు. ఒకే క్యాలిబర్ (వ్యాసం), ఒకే బరువు, దాదాపు ఒకే ఆకారం ఉన్న రెండు పెల్లెట్ డబ్బాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒకదాని ధర రెండోదానికి రెండు మూడు రెట్లు ఎందుకు ఉంటుందో కొత్తగా ఎయిర్ రైఫిల్ చేతపట్టినవారికి బోధపడదు. మూతలు తీసి చెరొక పెల్లెట్‌ను అరచేతిలో వేసుకుని చూసినా కంటికి తేడా కనిపించదు. రెండూ బూడిదరంగు సీసమే. రెండింటికీ ఒక తల, సన్నని నడుము, వెనుక బోలుగా ఉండే స్కర్ట్ ఉంటాయి. అందువల్ల ఆ అదనపు ధర పేరు కోసమేనని కొందరు తీసిపారేస్తారు, ఎక్కువ డబ్బు పెడితే గురి దానంతటదే కుదురుతుందని మరికొందరు నమ్ముతారు. ఈ రెండు అభిప్రాయాలతోనూ నేను ఏకీభవించను. డబ్బాలోని ఐదు వందల పెల్లెట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పోలి ఉన్నాయన్నదానికే మనం డబ్బు చెల్లిస్తున్నాము. ఆ పోలికను సాధించడం ఫ్యాక్టరీకి ఖరీదైన పని. అయితే అలా ఒకేలా వచ్చిన పెల్లెట్లు మన బ్యారెల్‌కు నప్పుతాయో లేదో ధర చెప్పలేదు. ఈ మూడు విషయాలనూ కాస్త వివరంగా చెప్పుకోవాలని ఈ టపా రాస్తున్నాను.

ముందుగా సీసం సంగతి తేల్చుకుందాం. పది మీటర్ల పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల రైఫిల్ పెల్లెట్ సాధారణంగా 0.53 గ్రాములు, అంటే 8.2 గ్రెయిన్ల బరువు ఉంటుంది. ఐదు వందల పెల్లెట్ల డబ్బాలో ఉన్న లోహం 265 గ్రాములు మాత్రమే. వృథా ఏమీ లేదనుకుంటే ఒక టన్ను సీసంతో ఇలాంటి పెల్లెట్లు 18.8 లక్షలకు పైగా వస్తాయి. డబ్బాల లెక్కన చూస్తే అవి 3,770. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో సీసం ధర టన్నుకు వంద డాలర్లు పెరిగినా ఒక్కో డబ్బా మీద పడే భారం మూడు సెంట్లకు మించదు. సీసం ధర పెరిగింది కాబట్టి పెల్లెట్ల ధర పెంచామనే మాట వినిపించినప్పుడల్లా ఈ చిన్న లెక్కను గుర్తు చేసుకోవడం మంచిది. పెరిగినది కరెంటు ఖర్చు కావచ్చు, కూలి కావచ్చు, రవాణా కావచ్చు, డబ్బా రేకు కావచ్చు. సీసం మాత్రం ఆ జాబితాలో చాలా కిందనే ఉంటుంది. చవక డబ్బాలోనూ ఖరీదైన డబ్బాలోనూ లోహం విలువ దాదాపు ఒకటే అయినప్పుడు, తేడా అంతా ఆ లోహాన్ని మలిచిన తీరులోనూ, మలిచిన తరువాత ఎన్నింటిని పక్కన పడేశారన్నదానిలోనూ ఉంటుంది.

తయారీ క్రమం వినడానికి చాలా సులువుగా ఉంటుంది. సీసాన్ని కరిగించి దిమ్మెలుగా పోస్తారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ఈ దశలో పెద్ద కష్టం లేదు. ఆ దిమ్మెలను ప్రెస్సులో పెట్టి సన్నని రంధ్రం గుండా నొక్కి తీగగా సాగదీస్తారు. తీగను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఉక్కు అచ్చులో, అంటే డైలో పెట్టి, ఇరువైపుల నుంచి పంచ్‌లతో నొక్కుతారు. ఒక పంచ్ తలకు రూపమిస్తుంది, మరొకటి స్కర్ట్‌లోని బోలు భాగాన్ని తయారుచేస్తుంది. నడుము భాగం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి దాన్ని రెండుగా విడిపోయే డైతోనైనా చేయాలి, లేదా తరువాతి దశలో దొర్లించి నొక్కైనా చేయాలి. రెండుగా విడిపోయే డైలో చేసిన పెల్లెట్లను భూతద్దం కింద చూస్తే ఒక్కోసారి పక్కల వెంట సన్నని అతుకు గీత కనిపిస్తుంది. ఆ గీత ఉన్నంత మాత్రాన పెల్లెట్ పనికిరానిదని కాదు. రెండు సగాలూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చోకపోతే మాత్రం ఆ గీత దగ్గర చిన్న మెట్టు ఏర్పడుతుంది, అప్పుడు పెల్లెట్ గుండ్రదనం దెబ్బతింటుంది.

ఈ దశల్లో ప్రతిదానిలోనూ తప్పు దొర్లడానికి చోటు ఉంది. తీగ మందం కొంచెం మారితే కోసిన ముక్కల బరువు మారుతుంది. తీగలో గాలి బుడగ చిక్కుకుంటే ఆ పెల్లెట్‌లో ఒకవైపు బరువు తగ్గుతుంది. కోత కత్తి మొద్దుబారితే ముక్క అంచున పొలుసు మిగిలి, అది స్కర్ట్‌లోకి మడతపడుతుంది. చవక డబ్బాల అడుగున సన్నని సీసపు పొలుసులు, పొడి కనిపించడానికి కారణం ఇదే. అన్నిటికన్నా ముఖ్యమైనది, తల పంచ్, స్కర్ట్ పంచ్ ఒకే అక్షం మీద ఉండటం. స్కర్ట్ పంచ్ ఏమాత్రం పక్కకు జరిగినా బోలు భాగం మధ్యలో ఉండదు. స్కర్ట్ గోడ ఒకవైపు మందంగా, రెండోవైపు పలుచగా తయారవుతుంది. అలాంటి పెల్లెట్‌ను తూచితే బరువు సరిగ్గానే ఉంటుంది, తల వ్యాసం కొలిచినా సరిగ్గానే ఉంటుంది, పైకి చూస్తే అందంగానే ఉంటుంది. అయినా అది నేరుగా పోదు.

ఎందుకు పోదో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే నాణ్యత గురించిన చర్చలో నాకు అన్నిటికన్నా బలంగా తోచే వాదం ఇదే. పెల్లెట్ బ్యారెల్‌లో ఉన్నంతసేపూ దాన్ని రైఫ్లింగ్, అంటే బ్యారెల్ లోపలి గోడ మీది మెలికల గాడులు పట్టి ఉంచుతాయి కాబట్టి అది తన ఆకారపు నడిమధ్య గీత చుట్టూ తిరుగుతుంది. బ్యారెల్ దాటిన క్షణం నుంచి మాత్రం తన గురుత్వ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ఈ రెండూ ఒకే చోట లేకపోతే, బయటకు వచ్చే క్షణంలో గురుత్వ కేంద్రానికి ఉన్న పక్కవాటు వేగం పెల్లెట్‌ను ఆ దిశలోకి విసురుతుంది. చాలా ఎయిర్ రైఫిళ్లలో రైఫ్లింగ్ సుమారు 450 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతుంది. గురుత్వ కేంద్రం 0.01 మిల్లీమీటర్ పక్కకు జరిగిందనుకుంటే, పది మీటర్ల దూరంలో తప్పిపోయే దూరం దాదాపు 1.4 మిల్లీమీటర్లు అవుతుంది. విశేషమేమంటే ఈ లెక్కలో పెల్లెట్ వేగానికి చోటే లేదు. వేగం పెరిగితే తిరిగే వేగం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ప్రయాణ సమయం అంతే తగ్గుతుంది, కాబట్టి రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. రైఫిల్ శక్తి పెంచి ఈ లోపాన్ని కప్పిపుచ్చడం సాధ్యం కాదు.

0.01 మిల్లీమీటర్ అంటే తలవెంట్రుక మందంలో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంత చిన్న తేడాకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వచ్చే ఫలితం చూడండి. అక్కడి టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. దశాంశ స్కోరింగ్‌లో మధ్యబిందువు నుంచి ప్రతి 0.25 మిల్లీమీటరుకు పదో వంతు పాయింటు తగ్గుతుంది. షూటర్ ఏ పొరపాటూ చేయకుండా నడిమధ్యకు గురిపెట్టి పేల్చిన షాట్‌కు 10.9 రావలసి ఉండగా, 1.4 మిల్లీమీటర్లు తప్పిన పెల్లెట్ 10.4 మాత్రమే తెస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన స్కోరు 700.5, రజతం పొందిన ఝూ చినాన్ స్కోరు 699.7. డెబ్బై షాట్ల తరువాత ఇద్దరి మధ్య మిగిలిన తేడా 0.8. ఇలాంటి రెండు పెల్లెట్లు దొర్లితే చాలు, ఆ తేడా చెరిగిపోయేది. పోటీ పెల్లెట్లకు షూటర్లు ఎక్కువ ధర ఎందుకు పెడతారన్న ప్రశ్నకు ఇంతకంటే సూటిగా సమాధానం చెప్పడం కష్టం.

దీనితో పోలిస్తే బరువు తేడా ప్రభావం చాలా చిన్నది. బరువు ఒక శాతం పెరిగితే, అంటే 0.53 గ్రాముల పెల్లెట్ 0.005 గ్రాములు ఎక్కువ తూగితే, రైఫిల్ ఇచ్చే శక్తి మారలేదనుకున్నప్పుడు వేగం సుమారు అర శాతం తగ్గుతుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ పది మీటర్లలో దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం అర శాతం తగ్గితే ఆ దిగుడు ఒక శాతం పెరుగుతుంది, అంటే 0.17 మిల్లీమీటరు. గురుత్వ కేంద్రం జరగడం వల్ల వచ్చిన 1.4 మిల్లీమీటర్ల ముందు ఇది లెక్కలోకి రాదు. యాభై మీటర్లకు వెళితే, 16 జౌళ్ల దగ్గర పనిచేసే రైఫిల్‌లో ఒక శాతం బరువు తేడా రెండున్నర మూడు మిల్లీమీటర్ల ఎత్తు తేడా తెస్తుంది, కానీ అదే దూరంలో గురుత్వ కేంద్రం 0.01 మిల్లీమీటర్ జరగడం పెల్లెట్‌ను ఏడు మిల్లీమీటర్లు పక్కకు తీసుకుపోతుంది. అయినా డబ్బా మీద పెద్ద అక్షరాలతో ముద్రించేది బరువునే, ఇంట్లో చిన్న త్రాసు కొనుక్కుని అందరూ కొలిచేది కూడా బరువునే. బరువు కొలవడం సులువు కాబట్టి దానికి ఆ ప్రాముఖ్యం వచ్చింది. అయితే త్రాసు పూర్తిగా వృథా అని నేను అనను. ఒకే డబ్బాలో బరువులు విపరీతంగా చెదిరి ఉంటే ఆ ఫ్యాక్టరీలో తీగ, కోత, డై ఏవీ అదుపులో లేవని అర్థం. ఆ విధంగా త్రాసు మంచి పెల్లెట్‌ను ఎంచిపెట్టలేదు గాని, చెడ్డ డబ్బాను పట్టివ్వగలదు.

ఇప్పుడు ధరలో అసలు భాగానికి వద్దాం. డై ఉక్కుతో చేసినదే అయినా లక్షల సార్లు నొక్కిన తరువాత అరుగుతుంది. సీసం మెత్తనిదే, కానీ తీగ మీది మట్టి, ఆక్సైడు పొర డై గోడలను నెమ్మదిగా గీకుతూ ఉంటాయి. కొత్త డైలోంచి వచ్చిన పెల్లెట్ తల 4.50 మిల్లీమీటర్లు ఉంటే, అరిగే కొద్దీ ఆ కొలత పెరుగుతూ పోతుంది. ఏ కొలత దగ్గర ఆ డైని తీసి పక్కన పెట్టాలన్నది యాజమాన్యం తీసుకునే నిర్ణయం, ఆ నిర్ణయంలోనే పెల్లెట్ ధర చాలావరకు దాగి ఉంది. ఒక తయారీదారు డైని మూలకు నెట్టే సమయానికి మరొకరు దాన్ని సగం జీవితం మిగిలినదిగా లెక్కగడతారు. అలాగే ఒక ఫ్యాక్టరీలో ఒకేసారి ఎన్నో యంత్రాలు నడుస్తాయి. అన్ని యంత్రాల పెల్లెట్లనూ ఒకే గంపలోకి వదిలి డబ్బాలు నింపితే పని త్వరగా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ ఆ డబ్బాలో నాలుగైదు డైల పెల్లెట్లు కలిసిపోయి ఉంటాయి. ఒక్కో డై విడిగా చూస్తే బాగానే ఉన్నా, కలిపినప్పుడు గ్రూపు, అంటే టార్గెట్ మీద వరుస షాట్ల రంధ్రాల గుంపు, విచ్చుకుంటుంది. పోటీ పెల్లెట్లను ఒకే యంత్రం, ఒకే డై నుంచి వచ్చినవిగా వేరుగా ఉంచి, ఒకే లాట్ నంబరు కింద నింపుతారు. ఈ వేరుచేసే పనికి స్థలం కావాలి, మనుషులు కావాలి, లెక్కలు రాసిపెట్టడం కావాలి. కొనేవాడికి కనిపించని ఖర్చు ఇదే, నా దృష్టిలో న్యాయమైన ఖర్చు కూడా ఇదే.

తల కొలత విషయంలో మాత్రం కొంత నిదానం అవసరం. పోటీ పెల్లెట్లు 4.48, 4.49, 4.50, 4.51, 4.52 అంటూ మిల్లీమీటరులో వందో వంతు తేడాలతో దొరుకుతాయి. తన బ్యారెల్‌కు ఏ కొలత సరిపడుతుందో తెలుసుకోవాలని షూటర్ కోరుకోవడం సహజమే. అయితే మెత్తని సీసాన్ని కాలిపర్ దవడల మధ్య పెట్టి వందో వంతు మిల్లీమీటరు కొలవబోతే, కొలిచే ఒత్తిడికే తల నొక్కుకుపోతుంది. ఖచ్చితమైన రంధ్రాలున్న గేజ్ పలకలో పెల్లెట్‌ను జారవిడిచి చూసే పద్ధతి ఇంతకంటే మేలు. అలా చూసినప్పుడు డబ్బా మీది అంకెకూ లోపలి పెల్లెట్లకూ కొంత తేడా కనిపించడం అరుదేమీ కాదు. అందువల్ల ఆ అంకెను నేను కొలతగా కంటే గుర్తుగా ఎక్కువ చూస్తాను. 4.50 అని రాసిన ఒక లాట్ బాగా పనిచేస్తే, అదే తయారీదారు 4.50 కోసం అట్టేపెట్టిన డైల నుంచే మరో డబ్బా వచ్చే అవకాశం ఉందని మాత్రమే దాని అర్థం. వేర్వేరు తయారీదారుల 4.50లను సమానంగా భావించి పోల్చడం వల్ల ప్రయోజనం లేదు.

స్కర్ట్ గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే పెల్లెట్‌లో అన్నిటికన్నా సున్నితమైన భాగం అదే, అన్నిటికన్నా ఎక్కువగా పాడయ్యేదీ అదే. ట్రిగ్గర్ నొక్కగానే వెనుక నుంచి తోసుకొచ్చే గాలి స్కర్ట్‌ను విచ్చేలా చేసి బ్యారెల్ గోడలకు అదుముతుంది. గాలి పక్కలనుంచి జారిపోకుండా మూసేది ఆ పలుచని అంచే. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ ఒక్కసారిగా దూసుకొచ్చి గాలిని కుదించడం వల్ల ఒత్తిడి క్షణకాలంలో శిఖరానికి చేరుతుంది, కాబట్టి మరీ పలుచని స్కర్ట్ అతిగా విచ్చుకుని వంకరపోవచ్చు. నిల్వ గాలితో పనిచేసే పీసీపీ రైఫిల్‌లో తోపు మరింత సాఫీగా ఉంటుంది. తక్కువ శక్తి గల పోటీ రైఫిల్‌కు పలుచని స్కర్ట్, ఎక్కువ శక్తి గల రైఫిల్‌కు మందమైన స్కర్ట్, బరువైన పెల్లెట్ నప్పడం ఈ కారణంగానే. ఒకే పెల్లెట్‌ను ఒకరు ఆకాశానికెత్తడం, మరొకరు పనికిరాదనడం తరచూ చూస్తుంటాము. చాలా సందర్భాల్లో ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వారి తుపాకులే వేరు.

అంత సున్నితమైన అంచును ఫ్యాక్టరీ నుంచి మన చేతికి చెదరకుండా చేర్చడం కూడా ధరలో భాగమే. స్వచ్ఛమైన సీసం గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. ఐదు వందల పెల్లెట్లు రేకు డబ్బాలో వదులుగా పడి వేల కిలోమీటర్లు కుదుపులతో ప్రయాణిస్తే ఒకదాని తల మరొకదాని స్కర్ట్‌ను వంచుతుంది. అందుకే మంచి డబ్బాల్లో మూత కింద స్పాంజ్ పెట్టి పెల్లెట్లు కదలకుండా అదిమి ఉంచుతారు. పైస్థాయి పోటీ పెల్లెట్లను చేత్తో ఏరి, వందేసి చొప్పున, ఒక్కోదానికి ఒక్కో గూడు ఉన్న పెట్టెల్లో అమర్చి అమ్ముతారు. వాటి ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది, పెల్లెట్‌కు లెక్కవేస్తే రేకు డబ్బా కంటే చాలా ఎక్కువ పడుతుంది. పోటీలో స్కోరు కోసం పేల్చేవారికి ఆ ఖర్చు సమంజసమే. రోజువారీ సాధనకు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను. అదే లాట్ రేకు డబ్బాలో దొరికితే, వంగిన స్కర్ట్‌లను పేల్చే ముందు కంటితో చూసి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

కడగడం, నూనె లేదా గ్రాఫైట్ పూత వేయడం చిన్న పనులే కాని, వాటిని నిర్లక్ష్యం చేసిన డబ్బా వెంటనే తెలిసిపోతుంది. కడగని పెల్లెట్లు వేళ్లను నల్లబరుస్తాయి, బ్యారెల్‌లో సీసపు పొర త్వరగా పేరుకుంటుంది. పూత ఒకదానిపై మందంగా, మరొకదానిపై పలుచగా ఉంటే బ్యారెల్‌లో ఒరిపిడి మారి వేగం చెదురుతుంది.

లోహం విషయంలో రెండు మాటలు. కొందరు తయారీదారులు సీసంలో కొద్దిగా ఆంటిమొని కలిపి గట్టిదనం పెంచుతారు. అలాంటి పెల్లెట్ రవాణాలో తక్కువ వంగుతుంది, కానీ రైఫ్లింగ్‌లోకి తేలికగా ఒదగదు, బ్యారెల్ కొలతకు అది మరింత కచ్చితంగా సరిపడాలి. సీసం లేని పెల్లెట్ల సంగతి వేరు. యూరోపియన్ కెమికల్స్ ఏజెన్సీ 2018లో సీసాన్ని తీవ్రంగా ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చిన తరువాత తగరపు పెల్లెట్ల మీద ఆసక్తి పెరిగింది. తగరం సాంద్రత ఘనసెంటీమీటరుకు 7.3 గ్రాములు, సీసానిది 11.34. అందువల్ల అదే ఆకారంలో చేసిన 0.53 గ్రాముల పెల్లెట్ తగరంలో 0.34 గ్రాములకు దిగిపోతుంది. లోహపు ధర మాత్రం టన్నుకు సీసం కంటే పది రెట్లకు పైబడి ఉంటుంది. ఇక్కడ, ఇక్కడ మాత్రమే, లోహం ధర డబ్బా ధరను నిజంగా శాసిస్తుంది. తేలికైన పెల్లెట్ గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది కాబట్టి పది మీటర్లకు సరిపోయినా దూరపు గురికి నిలవదు. ఇంటి లోపల, సీసపు ధూళి పేరుకునే చోట సాధన చేసేవారికి, ముఖ్యంగా పిల్లలు సాధన చేసే చోట, ఆ అదనపు ధర పెట్టడం అవసరమేనని నేను గట్టిగా భావిస్తాను.

మరొక సంగతి డబ్బా మీది పేరుకు సంబంధించినది. పెల్లెట్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు ప్రపంచంలో లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. చెక్ రిపబ్లిక్‌లోని జేఎస్‌బీ తన పేరుతో అమ్మడమే కాక, ఎయిర్ ఆర్మ్స్ వంటి తుపాకీ కంపెనీల పేరుతో అమ్ముడయ్యే పెల్లెట్లను కూడా తయారుచేస్తుంది. రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి కాబట్టి తక్కువ ధరకు దొరికేది కొనుక్కుంటే చాలునని అనిపించవచ్చు. ఒకే ఫ్యాక్టరీ అయినా వేర్వేరు పేర్లకు వేర్వేరు డైలు వాడవచ్చు, తల కొలత మారవచ్చు. నా బ్యారెల్‌కు ఒకటి నప్పి, దాని జోడు అనుకున్నది నప్పకపోవడం నేను చూశాను. ఫ్యాక్టరీ పేరు తెలిస్తే నాణ్యత స్థాయి గురించి ఒక అంచనాకు రావచ్చు, అంతకుమించి ఆశించకూడదు.

చవక డబ్బా కొని ఇంట్లో ఏరుకుంటే ఖరీదైన డబ్బాతో సమానమవుతుందా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. మూడింట ఒక వంతు పక్కన పెట్టవలసి వస్తే మిగిలిన ఒక్కో పెల్లెట్ ధర ఒకటిన్నర రెట్లు అవుతుంది. సగం పక్కన పెడితే రెండింతలు. దానిమీద గంటల కొద్దీ సమయం. ఇంత చేసినా మన చేతిలో ఉన్న పరికరాలు బరువును, తల కొలతను, పైకి కనిపించే వంకరలను మాత్రమే పట్టగలవు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే లోపం, అంటే స్కర్ట్ బోలు పక్కకు జరగడం, ఏ త్రాసుకూ ఏ గేజ్‌కూ అందదు. దాన్ని ఫ్యాక్టరీలో డై అమర్చే దగ్గరే అరికట్టాలి. కాబట్టి ఏరుకోవడం ద్వారా సాధారణ పెల్లెట్‌ను పోటీ పెల్లెట్‌గా మార్చవచ్చనే మాటను నేను ఒప్పుకోను. చవక పెల్లెట్లకు వాటి చోటు వాటికి ఉంది: పదిహేను ఇరవై అడుగుల దూరంలో ఖాళీ డబ్బాలను పడగొట్టడానికి, కొత్తవారికి ట్రిగ్గర్ మీద వేలు ఎలా ఉంచాలో నేర్పడానికి అవి చాలు. గురి నేర్చుకునే దశకు వచ్చినవారికి మాత్రం అవి హాని చేస్తాయి, ఎందుకంటే తప్పు తమదా పెల్లెట్‌దా అన్నది వారికి తెలియకుండా పోతుంది. ఆ దశలో ఉన్నవారు పైస్థాయి పెల్లెట్లకు వెళ్లనక్కరలేదు. పేరున్న తయారీదారుల మధ్యస్థాయి డబ్బా, లాట్ నంబరు ఉన్నది, సరిపోతుంది.

ఇక బ్యారెల్ మాట. ధర మనకు ఇవ్వగలిగినది ఒకేలా ఉన్న పెల్లెట్లను మాత్రమే. అవి మన బ్యారెల్‌తో కలిసి ఎలా పనిచేస్తాయన్నది పేల్చి చూస్తే తప్ప తెలియదు. ఒకే మోడల్, వరుస నంబర్లు గల రెండు రైఫిళ్లు కూడా వేర్వేరు లాట్లను ఇష్టపడవచ్చు. అందుకే జర్మనీలోని ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్ వంటి తయారీదారులు పోటీ షూటర్లకు లాట్ పరీక్ష సదుపాయం కల్పిస్తారు. రైఫిల్‌ను బిగింపులో పెట్టి, ఒక్కో లాట్ నుంచి వరుసగా షాట్లు పేల్చి, రంధ్రాల చెదురును కొలిచి, అత్యుత్తమంగా వచ్చిన లాట్‌ను షూటర్ పెద్దమొత్తంలో కొనుక్కుంటారు. అక్కడికి వెళ్లలేనివారు ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి ఇదే పనిని చేసుకోవచ్చు. ఐదు షాట్ల ఒక్క గ్రూపును చూసి తీర్పు చెప్పకూడదు. ఐదు షాట్లు యాదృచ్ఛికంగా దగ్గర పడటానికీ, చెదరడానికీ అవకాశం చాలా ఎక్కువ. పది షాట్ల గ్రూపులు కొన్ని, వేర్వేరు రోజుల్లో, లాట్ల క్రమాన్ని మారుస్తూ పేల్చాలి. లాట్ మార్చిన వెంటనే వచ్చే కొన్ని షాట్లను లెక్కలోకి తీసుకోకూడదు, పాత పూత పోయి కొత్తది బ్యారెల్‌లో కుదురుకోవడానికి అవి కావాలి. అన్నిటికన్నా చిన్న గ్రూపు ఎంతన్నది కాక, గ్రూపులన్నింటి సగటు ఎంతన్నదీ, విడిగా పారిపోయిన షాట్లు ఎన్నన్నదీ చూడాలి. మధ్యస్థాయి ధర గల లాట్ ఈ పరీక్షలో పైస్థాయి లాట్‌ను ఓడిస్తే, సందేహించకుండా మధ్యస్థాయిదే కొనాలి.

తయారీదారుల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇంత శ్రమపడి ఒక లాట్‌ను ఎంచుకున్న తరువాత, అదే పేరు, అదే బొమ్మ, అదే ధరతో వచ్చిన తరువాతి డబ్బా వేరే డై నుంచి వచ్చినదని పేల్చిన తరువాతే తెలుస్తుంది. కొందరు డై నంబరును, తయారీ తేదీని డబ్బా వెనుక చీటీ మీద ముద్రిస్తున్నారు. మిగిలినవారు మూత మీది బంగారు అక్షరాలకు పెట్టే ఖర్చులో కొంతైనా ఆ చీటీకి పెట్టాలి. కొనేవాడికి ఆ రెండు అంకెలు ఎంతో ఉపయోగపడతాయి. తమ దగ్గర డైల లెక్క సరిగ్గా ఉందని చెప్పుకోగలిగిన తయారీదారుకు ఆ చీటీ వల్ల నష్టమేమీ లేదు కదా.

లాట్ నచ్చినప్పుడు పెద్దమొత్తంలో కొనాలి కాబట్టి నిల్వ గురించి కూడా చెప్పాలి. సీసం పొడిగా ఉన్న చోట ఏళ్ల తరబడి చెడదు. తేమ, ఆమ్లపు ఆవిరి తగిలితే మాత్రం పైన తెల్లని పొడి కడుతుంది. ఓక్ వంటి కొన్ని చెక్కల నుంచి ఎసిటిక్ ఆమ్లం మెల్లగా వెలువడుతూ ఉంటుంది కాబట్టి అలాంటి చెక్క బీరువాల్లో, సొరుగుల్లో పెల్లెట్లను దాచకూడదు; మూత గట్టిగా బిగిసే రేకు డబ్బాలోనే ఉంచి, ఆ డబ్బాలను ప్లాస్టిక్ పెట్టెలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి పెట్టడం మేలు. తెల్లని పొడి కట్టిన పెల్లెట్ల కొలత మారిపోయి ఉంటుంది, ఆ పొడి విషపూరితమైనది కూడా. వాటిని కడిగి వాడుకోవాలని చూడకుండా, ఊదకుండా, సీసపు వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలి, డబ్బా ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోవాలి.